రాత్రి ఏడు దాటితే పింగ్ 300, వెనక బెడ్‌రూములో స్పీడు 11 (ప్లాను 40)

నం. 1 | నాలుగుబైఏడు (బ్రాడీపేట, గుంటూరు)

అపార్ట్‌మెంటు రెండో అంతస్తు, మూడు బెడ్‌రూములు. ఫైబర్ కనెక్షను, 40 ఎంబీపీఎస్ ప్లాను, అప్‌లోడూ డౌన్‌లోడూ సమానం. కంపెనీ వాళ్లిచ్చిన ఒకే డబ్బా: ఫైబర్ అందులోకే వస్తుంది, వైఫై అందులోంచే వస్తుంది. హాల్లో టీవీ వెనకాల ఉంది. వైఫైలో 2.4, 5 గిగా (గిగాహెర్ట్జ్) బ్యాండ్లు రెండూ ఉన్నాయి.

హాల్లో ఫోన్లో 38 చూపిస్తుంది. వెనక బెడ్‌రూములో 9 నుంచి 11. అది ఒక బాధ. రెండోది, రాత్రి ఏడున్నర దాటాక వీడియో కాల్ మాట్లాడితే అవతలి గొంతు ముక్కలుముక్కలుగా వస్తుంది. పింగ్ (చిన్న డేటా ముక్క పోయి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 280-320 మధ్య. పది దాటితే మళ్లీ మామూలే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చెయ్యండి" అంటారు, లేకపోతే "100 ప్లానుకి మారండి" అంటారు. మారితే తగ్గుతుందా?

నం. 2 | భవానీపురం బ్యాండ్‌విడ్త్

డీఎన్‌ఎస్ 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. చాలామందికి పనిచేసింది.

నం. 3 | పటమట పింగ్

డీఎన్‌ఎస్ మారిస్తే పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ముందు పట్టే టైము మాత్రం తగ్గుతుంది. పేరుని అంకెల అడ్రసుగా మార్చడం వరకే దాని పని. కాల్ మొదలయ్యాక గొంతు తెగిపోవడానికీ దానికీ సంబంధం లేదు, స్పీడు టెస్టులో అంకె పెరగడానికీ లేదు.

నాలుగుబైఏడు గారూ, ప్లాను మార్చే ముందు కొలవండి. మీరు చెప్పినవి రెండు వేరువేరు జబ్బులు. ఒకటి చోటుని బట్టి వస్తోంది, రెండోది టైముని బట్టి. ఒకే మందు వేస్తే ఏదీ నయం కాదు.

ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో డబ్బాకి కలిపి, వైఫై ఆపేసి, కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు తెరవండి. ఒకదాంట్లో "ping 192.168.1.1 -t" (మీ డబ్బా అడ్రసు వేరైతే అది), రెండోదాంట్లో "ping 8.8.8.8 -t". రెండూ అలా నడుస్తుండగానే స్పీడు టెస్టు పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి. డౌన్‌లోడు, అప్‌లోడు, రెండు పింగ్‌లు, ఈ నాలుగంకెలూ రాసుకోండి.

మొదటి పింగ్ ఇంట్లో మాటే. వైరు మీద 1 మిల్లీసెకను లోపు, వైఫై మీద 2 నుంచి 5 ఉండాలి. అదే పెరిగితే తప్పు ఇంట్లోని గాలిలో ఉంది. అది నిలకడగా ఉండి రెండోది పెరిగితే డబ్బా నుంచి బయటికి పోయే దారిలో ఎక్కడో క్యూ పడుతోంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

బెడ్‌రూములో వైఫై మీద "netsh wlan show interfaces" కొట్టి చానెల్, సిగ్నల్, రిసీవ్ రేటు ఎంతో కూడా పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోనయితే వైఫై ఎనలైజర్ యాప్ ఏదైనా సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది (మైనస్ అంకె, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ).

నం. 4 | ఆటోనగర్ 12 వోల్టులు

టీవీ వెనకాల అన్నారు కాబట్టి. మన ఎండల్లో గాలాడని చోట డబ్బా పెడితే అది ఉడికిపోద్ది. ఇంటి రౌటర్లు చాలావాటికి స్పెసిఫికేషన్లో రాసేది 0 నుంచి 40 డిగ్రీలు. మేలో గది వేడే 38 ఉంటే టీవీ వెనక ఎంతుంటదో మీరే చూసుకోండి.

ఇంకోటి, కరెంటు పోతే ఆగకూడదని మినీ యూపీఎస్ పెట్టారా? చౌకరకం వాటిల్లో లోపలి బ్యాటరీల వోల్టేజీ ఎంతుంటే అంతే బయటికి వదుల్తారు. నిండా ఉన్నప్పుడు 12.6, తగ్గేకొద్దీ 11, 10. డబ్బా పూర్తిగా ఆగదు, కానీ దానంతటదే రీస్టార్ట్ అయ్యిద్ది, 5 గిగా మాయమయ్యిద్ది. అడాప్టర్ మీద 12 వోల్టులు 1.5 ఆంపియర్లని ఉంటే 1 ఆంపియరుది పెట్టొద్దు. ఎక్కువ ఆంపియర్లది పెట్టినా ఫర్వాలేదు, వోల్టులు మాత్రం మారకూడదు.

నం. 5 | కృష్ణలంక కేబుల్

డబ్బా పేజీలో ఆప్టికల్ స్టేటస్ అని ఉంటుంది. అందులో ఆర్‌ఎక్స్ పవర్ (ఫైబర్‌లోంచి డబ్బాకి అందే వెలుగు బలం) ఎంతో చూడండి. -15 నుంచి -24 డీబీఎం మధ్య ఉంటే దాని జోలికి పోవద్దు. చాలా లైన్లలో వాడే డబ్బా -27 దాకా వినగలదు. -26 దగ్గరుంటే వాన పడ్డ రోజు, గాలికి స్తంభం మీద వైరు ఊగిన రోజు అవస్థే.

లెక్క చెప్తాను. అవతల యంత్రం సుమారు +3 డీబీఎంతో వదుల్తుంది. దారిలో ఒక వెలుగుని 32 ఇళ్లకి పంచే స్ప్లిట్టర్ దాదాపు 17 డీబీ తినేస్తుంది. మిగిలింది -14. పొడవు, జాయింట్లు, కనెక్టర్లు కలిపి ఇంకో నాలుగైదు పోతే -18, -19 రావాలి. అంతకంటే బాగా తక్కువుంటే కారణం సాధారణంగా ఇంటి దగ్గరే: కిటికీ తలుపు కింద నలిగిన వైరు, గోడ మూలలో మేకు క్లిప్పు గట్టిగా కొట్టి వంచేసిన చోటు, దుమ్ము పట్టిన కనెక్టరు. పచ్చ కనెక్టరు పచ్చ సాకెట్లోకే పోవాలి. లోపలి కొసల చెక్కుడు కోణం వేరు కాబట్టి పచ్చని నీలంలో దూరిస్తే అక్కడే వెలుగు పోతుంది.

తీసి కంటితో చూడొద్దు. ఆ వెలుగు 1490 నానోమీటర్లది, కంటికి కనపడదు, కంటికి హాని చెయ్యొచ్చు. చొక్కా అంచుతో తుడవడం కూడా వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డ.

నం. 6 | నాలుగుబైఏడు

కొలిచాను.

మధ్యాహ్నం 3, వైరు: డౌన్‌లోడు 39.2, అప్‌లోడు 39.6. డబ్బా పింగ్ 1 లోపు. 8.8.8.8 కి టెస్టు పెట్టకముందు 14.
రాత్రి 8.10, వైరు: డౌన్‌లోడు 31, అప్‌లోడు 17. డబ్బా పింగ్ 1 లోపు. 8.8.8.8 కి టెస్టు పెట్టకముందు కూడా 290 నుంచి 310.
బెడ్‌రూము, వైఫై: 2.4 గిగా, చానెల్ 4, -74 డీబీఎం, రిసీవ్ రేటు 26.
ఆర్‌ఎక్స్ పవర్ -19.8.
మినీ యూపీఎస్ లేదు, అపార్ట్‌మెంటుకి జనరేటర్ ఉంది.

డబ్బా పింగ్ బాగుంది కాబట్టి తప్పు కంపెనీదే అనుకోవచ్చా?

నం. 7 | భవానీపురం బ్యాండ్‌విడ్త్

ఇంకేముంది, సాయంత్రం లైను మీద జనం ఎక్కువై ఉంటారు. కంప్లయింటు పెట్టండి.

నం. 8 | పటమట పింగ్

అప్పుడే వద్దు. అప్‌లోడు 17 దగ్గర ఆగండి. సాయంత్రం పూట జనం చేసేది డౌన్‌లోడు, సినిమాలూ మ్యాచులూ. కంపెనీ లైను కిక్కిరిస్తే ముందు పడిపోవాల్సింది డౌన్‌లోడు. ఇక్కడ అది 31 ఉంది, అప్‌లోడు మాత్రం సగానికి కోసినట్టు 17 కి పడింది. మిగతా 22 ఎవరో తింటున్నారు, అదీ మీ ఇంట్లోంచే. మీరు టెస్టు పెట్టకముందే పింగ్ 300 ఉండటం ఇంకో ఆనవాలు.

అప్‌లోడు నిండినప్పుడు బయటికి పోవాల్సిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) డబ్బాలో క్యూ కడతాయి. మీ కాల్ తాలూకు చిన్న ప్యాకెట్టు కూడా ఆ క్యూ చివరే నిలబడాలి. లినక్స్ మీద నడిచే పరికరాల్లో ఈ క్యూ పొడవు 1000 ప్యాకెట్లని ఉండటం పాత అలవాటు. ఒక్కోటి 1500 బైట్లు, అంటే మొత్తం కోటీ ఇరవై లక్షల బిట్లు. సెకనుకి 4 కోట్ల బిట్లు పోయే దారిలో అది ఖాళీ అవడానికి పట్టేది 0.3 సెకను. మీ 300 అతికినట్టు సరిపోయింది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

ఏడున్నర నుంచి పదింటి దాకా ఏది అప్‌లోడు చేస్తోందో పట్టుకోండి. డబ్బా పేజీలో పరికరం వారీగా ట్రాఫిక్ చూపిస్తే సులువు. చూపించకపోతే 8.8.8.8 పింగ్ నడిపిస్తూ ఒక్కో పరికరాన్నీ వైఫై నుంచి తీసెయ్యండి. ఏది తీసినప్పుడు 300 కాస్తా 15 కి పడుతుందో అదే దొంగ.

నం. 9 | గుణదల గట్టు

సీసీ కెమెరాలుంటే చూడండన్నా. క్లౌడ్‌లోకి రికార్డయ్యేవి ఒక్కోటి 2 ఎంబీపీఎస్ దాకా ఆపకుండా పంపుతూనే ఉంటాయి. డీవీఆర్‌లో హార్డ్‌డిస్కు మీదికి రికార్డయ్యేవాటికి ఇంటర్నెట్ ఖర్చు లేదు, బయటి నుంచి ఫోన్లో చూసినప్పుడే.

నం. 10 | లక్ష్మీపురం 200

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది 200 ప్లాను. ఫైబర్ డబ్బా నుంచి సొంత రౌటర్‌కి 12 మీటర్ల వైరు లాగించాం. ఎప్పుడు కొలిచినా 94, ఒక్కటి అటూ ఇటూ కాదు. వైరు మీదా అంతే, వైఫై మీదా అంతే. డబ్బా దగ్గర నేరుగా పెడితే 190 పైనే వస్తోంది. రౌటర్ పోర్టులన్నీ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) అని పెట్టె మీద ఉంది.

నం. 11 | కృష్ణలంక కేబుల్

94 అంటే జాతకం చెప్పక్కర్లేదు, ఆ వైరు 100 లింకు మీద నడుస్తోంది. హెడర్లకి పోయేది పోగా 100 లో మిగిలేది 94, 95.

లాన్ వైరులో నాలుగు జతలు. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు: పిన్నులు 1, 2, 3, 6. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8 లో ఒక్క తీగ అందకపోయినా రెండు పరికరాలూ మాట్లాడుకుని 100 కి దిగిపోతాయి. ఎర్రలైటు వెలగదు, లింకు పోదు, అందుకే నెలల తరబడి ఎవరికీ తెలీదు.

లాన్ టెస్టరుతో చూడండి, ఎనిమిది లైట్లూ వరసగా రావాలి. రాకపోతే రెండు కొసలా క్లిప్పు కత్తిరించి మళ్లీ కొట్టాలి. క్లిప్పు నాలుక కిందికి, బంగారు పళ్లు పైకి, వైరు మీవైపు పెట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-గ్రీన్, బ్లూ, తెలుపు-బ్లూ, గ్రీన్, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. జతల మెలిక క్లిప్పు బయట 13 మిల్లీమీటర్లకి మించి విప్పొద్దు. పైతొడుగు క్లిప్పు లోపలికి దూరి, వెనక పట్టు దాని మీదే పడాలి. తీగల మీద పడితే లాగినప్పుడల్లా తెగుతాయి.

కొత్త వైరు కొనాల్సి వస్తే కాపర్ పూత పూసిన అల్యూమినియంది వద్దు. తీగ కొసని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే అదే. రెండుసార్లు వంచితే విరుగుతుంది. నికరమైన రాగి క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. ఇంట్లో 12 మీటర్లకి క్యాట్ 7 అంటూ అంటగట్టే దుకాణాలున్నాయి, వినొద్దు.

నం. 12 | నాలుగుబైఏడు

దొరికింది. ఆఫీసు గదిలో డెస్క్‌టాప్. క్లౌడ్ బ్యాకప్ రోజూ ఏడున్నరకి మొదలయ్యేలా పెట్టి ఉంది. దాని వైరు పీకగానే పింగ్ 15. ఇంతా చేసి శత్రువు ఇంట్లోనే! కానీ బ్యాకప్ మానేయలేను, ఏం చెయ్యమంటారు?

నం. 13 | పటమట పింగ్

మూడు దారులున్నాయి, తేలికదాంతో మొదలుపెట్టండి.

బ్యాకప్ టైముని రాత్రి రెండుకి మార్చండి. లేదా ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో అప్‌లోడు రేటుకి హద్దు పెట్టండి. అక్కడ చాలామంది బోల్తా పడేది యూనిట్ల దగ్గర. ప్లాను మెగాబిట్లలో, సాఫ్ట్‌వేర్ కిలోబైట్లలో ఉంటాయి. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 5,000 కిలోబైట్లు. 2,500 అని పెడితే సగం దారి ఖాళీగా ఉంటుంది. 40 అని కొట్టి ఓకే అంటే బ్యాకప్ పండక్కి కూడా పూర్తవదు.

మూడోది ఎస్‌క్యూఎం, అంటే క్యూని రౌటరే అదుపులో పెట్టడం. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లో ఎక్కించుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే సొంత రౌటర్ ఉంటే ఫైబర్ డబ్బాని బ్రిడ్జిలో (రౌటర్ పని మానేసి లైనుని అందించడం వరకే చేసేలా) పెట్టించి, రౌటర్లో "కేక్" అనే క్యూ పద్ధతి ఎంచుకుని రెండు వైపులా లైను వేగంలో 90 శాతం, అంటే 36,000 కిలోబిట్లు రాయండి. నాలుగు ఎంబీపీఎస్ వదులుకుంటారు, బదులుగా క్యూ మీ చేతిలోకి వస్తుంది. ఎవరు ఎంత లాగినా కాల్ ప్యాకెట్టు ముందుకి పోతుంది. ఒక హెచ్చరిక: ఇది ప్రాసెసర్ చేసే పని. 40 కి ఏ రౌటరైనా సరిపోతుంది. 300, 500 ప్లాన్ల మీద చిన్న రౌటర్లో ఎస్‌క్యూఎం పెడితే హార్డ్‌వేర్ సాయం ఆగిపోయి లైను వేగమే పడిపోతుంది.

100 ప్లానుకి మారితే? అదే క్యూ 0.12 సెకనులో ఖాళీ అవుతుంది. జబ్బు పోదు, బ్యాకప్ మాత్రం తొందరగా అయిపోతుంది.

నం. 14 | గుణదల గట్టు

ఇక బెడ్‌రూము సంగతి. -74, రేటు 26 అంటే అందులో సగానికి కాస్త అటూ ఇటూగా చేతికొచ్చేది, మీ 11 అదే. వైఫైలో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, జవాబు కోసం ఆగాలి, అందుకే లింకు రేటు ఎప్పుడూ పూర్తిగా దక్కదు.

చానెల్ 4 అన్నిటికంటే చెడ్డ బేరం. 2.4 లో ఒకదానికొకటి తగలకుండా ఇమిడేవి 1, 6, 11 మాత్రమే. 4 లో కూర్చుంటే 1 వాళ్ల రొదా, 6 వాళ్ల రొదా రెండూ మీకే. ఒకే చానెల్లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులేసుకుంటాయి. సగం సగం తగిలే చానెల్లో అయితే అవతలిది మాటలా వినపడదు, గోలలా వినపడుతుంది, ప్యాకెట్లు పాడవుతాయి. బ్రాడీపేట అపార్ట్‌మెంట్లలో యాప్ తెరిస్తే పాతిక పేర్లు కనపడటం మామూలే. బెడ్‌రూములో నిలబడి చూసి ఈ మూడింట్లో పలచగా ఉన్నది పెట్టండి. వెడల్పు 20/40 ఆటో అని ఉంటే 20 కి కట్టేయండి. 2.4 లో 40 వెడల్పు పొలం మధ్య ఒంటి ఇంటికి బాగుంటుంది, మనకి కాదు.

సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ అని ఉందో లేదో చూడండి. పాత సెట్టింగు టీకేఐపీ ఉంటే ఎంత కొత్త ఫోనైనా లింకు 54 దాటదు. డబ్ల్యూఎంఎం (కాల్, వీడియో ప్యాకెట్లకి ముందు వంతిచ్చే వైఫై సెట్టింగు) ఆపేసినా అంతే.

తర్వాత చోటు. టీవీ వెనక అంటే ముందు లోహపు పలక, వెనక గోడ. డబ్బాకీ బెడ్‌రూముకీ మధ్య గీత గీసుకుని చూడండి, ఆ గీత మీద స్టీలు బీరువా గానీ ఫ్రిజ్ గానీ నిలువుటద్దం గానీ ఉన్నాయా? గోడ దాటే వైఫై బీరువా దాటదు. మూడు డీబీ తగ్గితే బలం సగమైనట్టు, పది తగ్గితే పదో వంతు. డబ్బాని టీవీ పక్కకి, తల ఎత్తు షెల్ఫు మీదికి తెచ్చినా చాలాసార్లు ఎనిమిది, పది డీబీ కలిసొస్తుంది. ఫైబర్ ప్యాచ్ వైరు పొడవుది తెచ్చుకోండి, ఉన్నదాన్ని లాగి వంచొద్దు.

నం. 15 | భవానీపురం బ్యాండ్‌విడ్త్

రిపీటర్ పెట్టుకుంటే పోలా? పన్నెండొందలకి వస్తుంది.

నం. 16 | గుణదల గట్టు

బెడ్‌రూములో ప్లగ్గు చూసి అక్కడే గుచ్చుతారు బాబాయ్, అదే తప్పు. -74 దగ్గర అది కూడా -74 నే వింటుంది. పైగా ఒకే రేడియో మీద వినాలి, మళ్లీ చెప్పాలి, కాబట్టి ఉన్నదాంట్లో సగం. పెడితే సగం దారిలో, సిగ్నల్ -60 ఉన్న చోట పెట్టాలి. వైరు లాగి రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా (వైఫై పంచడం వరకే) పెట్టడం అన్నిటికంటే మేలు. దాన్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపి, వైరు లాన్ పోర్టులో గుచ్చండి, వ్యాన్ పోర్టులో కాదు.

నం. 17 | ఆటోనగర్ 12 వోల్టులు

డబ్బాకి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు తగిలించి ఉంటే తీసి చూడండి. దాని రొద సరిగ్గా 2.4 మీదే పడిద్ది. మైక్రోవేవ్ కూడా ఆ పక్కనే నడిచిద్ది, 2.45 మీద. కూర వేడి చేసినంతసేపే వైఫై జారిపోతుంటే కారణం వెతకబాకండి.

నం. 18 | సత్యనారాయణపురం

ఒక చిన్న సందేహం. పిల్లాడు ఆడే గేములో పింగ్ ఎప్పుడూ 70 కి తగ్గదు, పైన చెప్పినవన్నీ చేశాం. డబ్బా పింగ్ 1, 8.8.8.8 కి 15.

నం. 19 | పటమట పింగ్

గేము సర్వరు ఎక్కడుందో చూడండి. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికి ప్రతి 100 కిలోమీటర్లకీ 1 మిల్లీసెకను. విజయవాడ నుంచి గీత గీస్తే ముంబై 870 కిలోమీటర్లు, అంటే 9 కి తగ్గే ప్రశ్నే లేదు. సింగపూర్ 3,000 పైచిలుకు, అంటే కనీసం 30. కేబుల్ తిన్నగా పోదు కాబట్టి అంతకు రెట్టింపు కనిపించడం మామూలే. గేములో సర్వర్ ముంబైకి మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే ఇంట్లో ఏం చేసినా ఆ 70 లో పెద్దగా తగ్గేదేం లేదు.

ట్రేసర్ట్ (ప్యాకెట్టు ఏయే మజిలీల మీదుగా పోతుందో చూపే కమాండు) కొట్టినప్పుడు మధ్యలో ఒక మజిలీ 200 చూపించి, తర్వాతవి 15 చూపిస్తే కంగారుపడొద్దు. ఆ మజిలీ యంత్రం మన పింగ్‌కి తీరిగ్గా జవాబిస్తోంది, మన ట్రాఫిక్‌ని మాత్రం ఆపట్లేదు. అక్కణ్నుంచి చివరిదాకా అన్నీ పెరిగితేనే ఫిర్యాదు చెయ్యాలి.

నం. 20 | నాలుగుబైఏడు

బ్యాకప్‌కి 2,500 హద్దు పెట్టాను. రాత్రి 8.20 కి అది నడుస్తుండగానే పింగ్ 16 నుంచి 22. కాల్ తెగలేదు. డబ్బాని టీవీ పక్క షెల్ఫు మీద పెట్టి, చానెల్ 11, వెడల్పు 20 చేశాక బెడ్‌రూములో -63, రేటు 104, టెస్టులో 36. గీత మీద నిజంగానే బీరువా ఉంది, దాన్ని జరపడం మా వల్ల కాలేదు.

5 గిగా మాత్రం ఆ గదిలో -79. వదిలేయొచ్చా?

నం. 21 | గుణదల గట్టు

వదిలేయండి. రెండు గోడల అవతల 5 గిగా అంతే. హాల్లో వాడేవన్నీ 5 మీదికి పంపండి, 2.4 బెడ్‌రూముకి మిగుల్తుంది. రెంటికీ పేర్లు వేరుగా పెట్టుకుంటే ఫోను తప్పుదానికి అతుక్కోదు. 5 లో చానెల్ 36 గానీ 149 గానీ పెట్టండి. 52 నుంచి 144 దాకా ఉన్నవి రేడార్లతో పంచుకునేవి. వాటిల్లో రౌటర్ లేవగానే నిమిషంపాటు విని గానీ మొదలవదు, మధ్యలో రేడార్ అనుమానం వస్తే చెప్పకుండా చానెల్ మారిపోతుంది.

నం. 22 | లక్ష్మీపురం 200

టెస్టర్లో 7, 8 వెలగలేదు. రౌటర్ వైపు కొసలో బ్రౌన్ జత క్లిప్పులోకి చేరకుండా కత్తిరించేసి ఉంది. మళ్లీ కొట్టిస్తే లింకు 1000, టెస్టులో 191. టీవీకి కూడా వైరు ఇచ్చాం, అందులో మాత్రం ఇంకా 94 దగ్గరే ఆగింది. ఆ వైరూ విప్పాలా?

నం. 23 | కృష్ణలంక కేబుల్

విప్పొద్దు. టీవీల్లో చాలావాటికి పోర్టే 100 ది. 4కే సినిమాకి 25 చాలు, ఆ వైరు అలాగే ఉండనివ్వండి.